ఆసుపత్రుల విలీనం: రోగికి ఒరిగేదెంత?

ఒక ఆసుపత్రిని మరొకటి కొనడం గానీ, రెండు ఆసుపత్రులు ఒకే యాజమాన్యం కిందికి రావడం గానీ విలీనం అనిపించుకుంటుంది. ఈ సందర్భంలో యాజమాన్యాలు చెప్పే మాటలు ఏ దేశంలోనైనా దాదాపు ఒకటే. మందులు, పరికరాలు టోకున కొనడం వల్ల వ్యయం తగ్గుతుందనీ, నిపుణుల సేవలు అన్ని శాఖలకూ అందుతాయనీ, తద్వారా వైద్య ప్రమాణం పెరుగుతుందనీ అంటారు. మొదటి మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఆసుపత్రికి మిగిలిన సొమ్ము రోగి బిల్లులో తగ్గుతుందా అన్నది వేరే ప్రశ్న. దానికి సమాధానం కలసిన ఆసుపత్రులు ఎంత పెద్దవన్న దానికంటె, అవి ఒకదానికొకటి ఎంత దగ్గరివన్న దానిపై ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ఇందుకు తరచుగా చూపబడే నిదర్శనం అమెరికాలో షికాగో నగరానికి ఉత్తరాన ఉన్న శివారు పట్టణాలది. ఎవన్‌స్టన్‌లో, గ్లెన్‌వ్యూలో ఆసుపత్రులు గల ఎవన్‌స్టన్ నార్త్‌వెస్టర్న్ హెల్త్‌కేర్ అనే సంస్థ 2000లో హైలాండ్ పార్క్ ఆసుపత్రిని తనలో కలుపుకొన్నది. అమెరికాలో చాలామంది పక్షాన ఆసుపత్రితో ధర మాట్లాడేది బీమా సంస్థ. రెండు ఆసుపత్రులు వేర్వేరుగా ఉన్నంతకాలం, ఒకటి ఎక్కువ అడిగితే ‘మా చందాదారులను రెండవ దానికి పంపుతాం’ అని బీమా సంస్థ అనగలదు. రెండూ ఒకటైన మరునాటి నుండి ఆ మాట చెల్లదు. ఇక్కడ జరిగినదీ అదే. వ్యాపార పోటీని పర్యవేక్షించే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2004లో అభియోగం మోపింది. విచారణలో ఇరుపక్షాల ఆర్థికవేత్తల లెక్కలూ ధరలు పెరిగాయనే తేల్చాయి.

సంస్థ తన సమర్థనలో ప్రమాణాల మాట ఎత్తింది. హైలాండ్ పార్క్‌లో గుండె శస్త్రచికిత్స ప్రారంభించామనీ, కంప్యూటర్ రికార్డులు ప్రవేశపెట్టామనీ చెప్పుకున్నది. ఆ మెరుగుదలలు విలీనం లేకుండానే సాధ్యమయ్యేవని కమిషన్ 2007లో నిర్ణయించింది. అయినప్పటికీ ఏడేళ్లు గడచినందున ఆసుపత్రులను విడదీయమనలేదు. బీమా సంస్థలతో బేరమాడేందుకు రెండు వేర్వేరు బృందాలను నియమించమని మాత్రం ఆదేశించింది. పాలనూ నీళ్లనూ వేరుచేయడం హంసకే సాధ్యమంటారు గదా! విలీనాన్ని ముందుగానే పరిశీలించవలసిన అవసరాన్ని ఈ తీర్పు చాటుతున్నది.

ఇది ఒక్కచోటి ముచ్చట కాదు. ఆ దేశపు బీమా బిల్లులపై 2019లో వెలువడిన ఒక విస్తృత అధ్యయనం ప్రకారం, పోటీయే లేని ఆసుపత్రి ధరలు, నాలుగు లేదా అంతకు మించి ఆసుపత్రులు పోటీపడే చోటి ధరలకంటె 12 శాతం ఎక్కువ. అదే ఏడాది వచ్చిన మరొక పరిశోధన ఇంకొక సంగతి బయటపెట్టింది. ఒకే రాష్ట్రంలో వేర్వేరు ప్రాంతాల ఆసుపత్రులు కలసినా ధరలు 7 నుండి 9 శాతం వరకు పెరిగాయి. ప్రమాణాల విషయానికి వస్తే, 2009–2013 మధ్య చేతులు మారిన 246 ఆసుపత్రులను పరిశీలించిన అధ్యయనం 2020లో ప్రచురితమైంది. మరణాలలో గానీ, రోగులు తిరిగి చేరవలసి రావడంలో గానీ చెప్పుకోదగిన మార్పు లేదు. రోగుల సంతృప్తి మాత్రం స్వల్పంగా తగ్గింది.

రోగి నేరుగా డబ్బు చెల్లించనవసరం లేని ఇంగ్లండులోనూ ఫలితం ఆశాజనకంగా లేదు. 1997–2006 మధ్య అక్కడి ప్రభుత్వ సాధారణ ఆసుపత్రులలో సుమారు సగం విలీనమయ్యాయి. ప్రమాణాలు పెరగలేదు, నిరీక్షణ కాలం, ఆర్థిక లోటు మాత్రం పెరిగాయి.

దీనినిబట్టి కేంద్రీకరణ అంతా చెడ్డదని తలచరాదు. లండన్‌లో 2010లో పక్షవాతపు తొలి చికిత్సను, అంతకుముందు ముప్పై వరకు ఉన్న ఆసుపత్రుల నుండి తప్పించి, రేయింబవళ్లు నిపుణులుండే 8 కేంద్రాలకు పరిమితం చేశారు. మరణాలు తగ్గాయి, ఆసుపత్రిలో గడిపే రోజులూ తగ్గాయి. ఇక్కడ ఒకచోటికి చేర్చినది ఒక చికిత్సను, యాజమాన్యాలను కాదు. విలీన ప్రకటనలలో ఈ రెండింటినీ కలగలిపి చెప్పడం పరిపాటి.

మన దేశంలో ఆసుపత్రుల కొనుగోళ్లు గత పదిహేనేళ్లలో ఊపందుకున్నాయి. మణిపాల్ సంస్థ 2021లో కొలంబియా ఏషియా ఆసుపత్రులను చేజిక్కించుకొన్నది. హైదరాబాదు, విశాఖపట్నం, భువనేశ్వర్, నాగపూర్ నగరాలలో తెలుగువారికి సుపరిచితమైన కేర్ ఆసుపత్రులు 2023లో బ్లాక్‌స్టోన్ పెట్టుబడి సంస్థ అధీనంలోకి వెళ్లాయి. వాటిని ఆస్టర్ సంస్థతో కలిపే ప్రతిపాదన 2024 నవంబరులో వెలువడగా, 2025 ఏప్రిల్‌లో భారత కాంపిటీషన్ కమిషన్ అనుమతించింది. కేరళను మినహాయిస్తే ఈ రెండింటి ఊళ్లు చాలావరకు వేర్వేరు. కనుక ఇరుగుపొరుగు పోటీ పోతుందన్న భయం తక్కువే. బీమా సంస్థలతో బేరమాడే బలం పెరుగుతుందన్న భయానికి మాత్రం పై పరిశోధన ఆస్కారమిస్తున్నది. పైగా 2021–22లో దేశపు ఆరోగ్య వ్యయంలో 39.4 శాతం ప్రజలు తమ జేబు నుండి చెల్లించినదే. ఆ రోగి పక్షాన బేరమాడేవారే లేరు.

జిల్లా పట్టణాల పరిస్థితి ఇంకా వేరు. కొనబడే సంస్థ ఆస్తులు 450 కోట్ల రూపాయలు గానీ, టర్నోవరు 1,250 కోట్లు గానీ మించకపోతే, 2024లో సవరించిన పరిమితుల ప్రకారం, సాధారణంగా ఆ ఒప్పందాన్ని కమిషన్‌కు తెలియజేయనక్కరలేదు. ఊరిలోని రెండే రెండు పెద్ద ఆసుపత్రులు ఒకటైనా ఢిల్లీకి వార్త చేరదు. సరిహద్దు వాసులకు పక్క రాష్ట్రపు ఆసుపత్రి గంట ప్రయాణంలోనే ఉండవచ్చు. కాని రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద చికిత్స కావాలంటే, ఆ పథకంలో నమోదైన ఆసుపత్రికే వెళ్లాలి. పటంలో రెండుగా కనబడే ఆసుపత్రులు కార్డు చేతబట్టుకున్న రోగికి ఒకటే కావచ్చు. ఆ ఒక్కటీ చేతులు మారుతున్నదని తెలిసినప్పుడు, పథకంలో దాని నమోదు కొనసాగుతుందో లేదో ముందుగానే విచారించుకోవడం అవసరం.