అడ్డాకు కథ



అన్నవరము రత్నగిరిపై 1891లో వెలసిన శ్రీ సత్యనారాయణస్వామివారి ప్రసాద మెఱుగని యిల్లు మన గోదావరి సీమలో నుండదు. గోధుమనూక, బెల్లము, నేయి యని దాని రుచిని వర్ణింపని నోరు లేదు. దానిని పొదివికొని వచ్చిన యాకు నెవరును తలపరు. పొట్లము విప్పి, ప్రసాదము కన్నుల కద్దుకొని, ఆకును పాఱవైతురు. ఆ యాకు అడ్డాకు.

తీగ యనఁగానే కాకరపాదువంటిదని తలపవలదు. మ్రానువలె లావెక్కి, నులితీగలతో చెట్టుకొన కెగఁబ్రాకి, యేండ్లతరబడి బ్రదుకునది అడ్డతీగ. ఆకు ఆవుగిట్టవలె నడుమ చీలి, జానెడు మొదలు మూరెడు దాఁక వెడలుపగును. నార త్రాళ్లకు, గింజలు వేఁపుకొని తినుటకు, ఆకు విస్తళ్లకు. 1834లో వైట్, ఆర్నాట్ అను వృక్షశాస్త్రజ్ఞులు వాహ్ల్ అను డెన్మార్కు పండితుని పేర దీనిని ‘బాహీనియా వాహ్లీ’ యనిరి. దానిని తరతరములుగా నెఱిఁగిన కొండవారి పేర పిలువవలెనని వారికిఁ దోఁచలేదు!

1882లో చెన్నపురి రాజధాని యటవీచట్టము వచ్చెను. కలపయే ధనమని యెంచిన యధికారులకు ఈ తీగ శత్రువు. అది చెట్టు తల వంచి యెండను మూయుట నిజమే, కావున నఱకించిరి. కాని కొండవారికి ఆకు కూడు. పోడుపై నిర్బంధములు, బాటపనుల వెట్టి కలిసి మన్యమును మండించెను. 1922 అక్టోబరులో అల్లూరి సీతారామరాజు దళము ముట్టడించిన ఠాణా యేది? అడ్డతీగల. ఊరి పేరే తీగ పేరు. అడవి చిల్లర ఫలసాయముపై గిరిజనుల హక్కును చట్టము స్పష్టముగా నొప్పుకొన్నది 2006లోనే.

అయినను, హక్కు వచ్చినంతమాత్రమున ఆకు రాదు. తొందరపాటుచే తీగనే మొదలంట నఱికి ఆకులు దూయువారు కలరు. ముదురాకు మాత్రము కోసి, చిగురును విడువవలెను. నాటఁగోరువారు, ఎండకు చిటిలి విచ్చిన కాయల గింజలను ఒకరేయి నానవైచి, తొలకరిని పెద్దచెట్టు మొదటికి చేరువగా పాఁతవలెను. మామిడి, టేకు చెంతకుఁ గొనిపోరాదు. అడవి యధికారి దీనిపై మోపిన నేరము అక్కడ ఋజువగును. లేఁతతీగను పశువులు మేయకుండ కంప కట్టవలెను.