మందగతి తూటా

శబ్దము గాలిలో పోవు వేగమును మించకుండ గుండు వెలువడునట్లు, గుండును మందును సరితూచి కూర్చిన రైఫిలు తూటాకు మందగతి తూటా యని పేరు. వ్యవహారమున దీనిని సబ్‌సోనిక్ తూటా యందురు. ఇది కర్మాగారములయందు తయారగుటయే గాక, అమెరికా మొదలగు దేశములలో తుపాకి విద్యాభిమానులు కాల్చి విడిచిన ఇత్తడి గుల్లలను ప్రోగుచేసి, వానిలో మందు నంటించు క్రొత్త ప్రైమరును, మందును, గుండును అమర్చి స్వహస్తములతో కూర్చుకొని పరీక్షించుటయు కలదు.

స్వరూపము: రైఫిలు ప్రేలినపుడు పుట్టు మ్రోత ఒకటి కాదు, రెండు. గొట్టములో బంధింపబడిన వాయువులు మూతినుండి ఒక్కుమ్మడిగా వెలికి దూకుటవలన కలుగునది మొదటిది. శబ్దముకన్న వేగముగా పోవు గుండు తన ముందరి గాలిని తప్పుకొననీయక త్రోసికొని పోవుటచే ఏర్పడు ఆఘాత తరంగము, ఛెళ్ళుమను ధ్వనియై చెవిని తాకునది రెండవది. మొదటి మ్రోతను సైలెన్సరు కొంతవరకు అణచగలదు; అమెరికా దేశస్థుడగు హైరమ్ పెర్సీ మాక్సిమ్ 1909లో అట్టి సాధనమునకు పేటెంటు పొందెను. రెండవది గుండును వెన్నంటి సాగునది గనుక, గుండు వేగమును తగ్గించుట తప్ప దానిని మాన్పుటకు మార్గాంతరము లేదు. ఈ తరంగములను ఛాయాచిత్రములలో బంధించి 1887లో లోకమునకు చూపినవారు ఎర్న్‌స్ట్ మాఖ్, పీటర్ సాల్చర్ అను శాస్త్రజ్ఞులు.

వేగము తగ్గిన కొలది శక్తి అంతకంటె త్వరగా తగ్గును. ఏలయన శక్తి వేగముయొక్క వర్గము ననుసరించును. సుమారు 11.3 గ్రాముల బరువు గల .303 గుండు సెకనుకు 744 మీటర్ల వేగముతో వెడలునపుడు దాని శక్తి 3,100 జౌళ్లకు పైబడి యుండగా, అదే గుండు 310 మీటర్ల వేగముతో వెడలినచో 550 జౌళ్లకు లోపడి, ఇంచుమించు ఆరవవంతునకు దిగును. నూరు మీటర్లు పోవులోపల ఆ మందగతి గుండు భూమ్యాకర్షణచే అరమీటరుకు మించి క్రిందికి జారును. ఈ లోపమును కొంతవరకైన పూరించుటకే ఇట్టి తూటాలకు బరువైన, పొడవైన గుండ్లను ఎన్నుకొందురు.

చరిత్ర: గుండు వేగమును నమ్మదగిన రీతిగా కొలువ నేర్పినవాడు ఆంగ్లేయ గణితజ్ఞుడు బెంజమిన్ రాబిన్స్. గుండు తాకిన లోలకము ఎంత ఊగెనో చూచి దాని వేగమును గణించు పద్ధతిని 1742లో ప్రకటించి, శబ్దవేగమును సమీపించునపుడు గాలి ప్రతిరోధము విశేషముగా పెరుగునని గుర్తించిన ఈ మహనీయుడు, 1750లో ఈస్టిండియా కంపెనీ ప్రధాన యంత్రశిల్పిగా చెన్నపట్టణ సీమకు వచ్చి, మరుసటి ఏడే 1751లో కడలూరు చెంతనున్న సెయింట్ డేవిడ్ కోటలో దివంగతుడయ్యెను. ఆ చెన్నపట్టణమునకును శ్రీకాళహస్తికిని గల సంబంధము తెలుగువారు మరువరానిది. 1639లో ఆంగ్లేయులకు అచ్చట కోట కట్టుకొన స్థలమొసగినది కాళహస్తి నేలిన దామెర్ల వంశీయుడు వేంకటాద్రి నాయకుడే. ఆ పట్టణము ఆతని తండ్రి చెన్నప్ప పేర వెలసినది.

ఆ కోట ఫిరంగులే శబ్దశాస్త్రమునకు తోడ్పడినవి. మద్రాసు నక్షత్రశాలాధిపతి జాన్ గోల్డింగ్‌హామ్ 1820–21 సంవత్సరములలో సెయింట్ జార్జి కోటనుండియు పరంగిమలనుండియు ఉదయ సాయంకాలములందు ప్రేల్చు ఫిరంగుల వెలుగునకును మ్రోతకును నడుమ గడచు కాలమును దినదినము కొలిచి, శబ్దవేగము ఋతువుతో పాటు మారుచుండునని నిరూపించి, 1823లో ఆ ఫలితములను రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించెను.

కూర్పు, పరీక్ష: శబ్దవేగమునందలి ఈ మార్పే మందగతి తూటాను కూర్చువారికి మొదటి చిక్కు. గాలి 20 డిగ్రీల సెంటిగ్రేడు ఉన్నపుడు శబ్దవేగము సెకనుకు 343 మీటర్లు. 40 డిగ్రీలయందు సుమారు 355 మీటర్లు. కావున 348 మీటర్ల వేగము గల గుండు, శ్రీకాళహస్తి వేసవి మధ్యాహ్నమున ఆ హద్దునకు లోబడి పోవును గాని, పుష్యమాసపు తెల్లవారుజామున హద్దు మీరి ఛెళ్ళుమనును. అందుచే అనుభవజ్ఞులు ప్రతి తూటా వేగమును క్రోనోగ్రాఫు అను సాధనముతో కొలుచుచు, హద్దునకు చాల దిగువనే నిలుతురు. పెద్ద గుల్లలో మందు కొలదిగా నున్నచో అది గుల్లలో అటునిటు దొర్లి, ఒకమారు కాలినట్లు మరియొకమారు కాలదు. బలము చాలక గుండు గొట్టమునందే చిక్కుకొనుటయు కలదు. దానిని గమనింపక మరల కాల్చినచో గొట్టము పగిలి కాల్చువాని ప్రాణమునకే ముప్పు వాటిల్లును. బరువైన గుండ్లకు గొట్టములోని మెలికచారలు చాలినంత బిగువుగా లేకున్న, గుండు నిలుకడ తప్పి పల్టీలు కొట్టుచు పోవును.

శాసనము: భారతదేశమున 1959 నాటి ఆయుధ చట్టములోని 5వ విభాగము, లైసెన్సు లేక ఆయుధములనుగాని తూటాలనుగాని తయారుచేయుటను నిషేధించుచున్నది. కనుక ఇంటిలో తూటా కూర్చుకొను ప్రయోగములకు ఇచ్చట తావు లేదు. చిత్తూరు, తిరుపతి సీమల అడవిపల్లెలలో మందు దట్టించి కాల్చు నాటు తుపాకులును, అనుమతి లేనిచో, ఈ శాసనమునకు లోబడినవే. వానితో వన్యమృగములను వేటాడుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే దండనార్హము. వేటగాడైన తిన్నడు కన్నప్పయై కొండపై పూజలందుకొను శ్రీకాళహస్తి క్షేత్రమున వేట పురాణస్మృతిగానే నిలుచుట ఉచితము.

క్రీడ: మందగతి గుండునకు ధర్మసమ్మతమైన స్థానము క్రీడారంగము. ఏబది మీటర్ల పోటీలలో వాడు .22 తూటాలు సాధారణముగా శబ్దవేగమునకు లోబడినవే. గుండు శబ్దవేగపు హద్దును దాటి దిగుచో నిలుకడకు కలుగు భంగము వీనికి లేదు. మందు అవసరమే లేక, కేవలము బిగించిన గాలి బలముతో 4.5 మిల్లీమీటర్ల సీసపుగుండును పంపు ఎయిర్ రైఫిలుతో పది మీటర్ల పోటీయందు, హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో కాంస్యపతకము గడించెను.

తూటాకు హద్దు నిర్ణయించునది దానిని కూర్చిన చేయి కాదు, గాలి. పంచభూత క్షేత్రములలో వాయుక్షేత్రమగు శ్రీకాళహస్తి నివాసికి ఈ సత్యమును పరీక్షించుటకు తుపాకి యక్కరలేదు. దీపావళి రాత్రి కన్నప్ప కొండనెక్కి, దూరమున నింగికెగసిన ఔటు వెలుగును చూచి, మ్రోత చెవి సోకువరకు సెకనులు లెక్కించిన చాలును. మూడు గడచినచో అది ఇంచుమించు కిలోమీటరు దూరమున ప్రేలినదని తెలియును. తెలిసిన దూరమునుండి వేగమును రాబట్టుటకు గోల్డింగ్‌హామ్ కోట ఫిరంగులతో చేసిన గణనమును త్రిప్పివేసినచో ఇదియే.