బాంబా తిన్న పిల్లలకు ఏమీ కాలేదేం?

గిడియన్ లాక్ లండన్‌లో పిల్లల ఎలర్జీ వైద్యుడు. టెల్ అవీవ్‌లో ప్రసంగించడానికి వెళ్లినప్పుడు అక్కడి డాక్టర్లను ఓ మాట అడిగాడు: ఈ ఏడాదిలో పల్లీ ఎలర్జీ ఉన్న పిల్లల్ని ఎంతమంది చూశారు? లండన్‌లో ఇదే అడిగితే దాదాపు అందరూ చేతులెత్తేవారు. ఇక్కడ లేచినవి రెండో మూడో.

పల్లీ పేరెత్తితే బ్రిటన్, అమెరికా తల్లులకు గుండె దడ పుట్టే రోజులవి. ఎలర్జీ ఉన్న బిడ్డ నోట్లో కాస్త పడినా చాలు, నిమిషాల్లో దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు, పిల్లికూతలు. ముదిరితే గొంతు పూడుకుపోయి, బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. అదే అనాఫిలాక్సిస్. తొడ కండరానికి వెంటనే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి. అందుకే 1998లో బ్రిటన్, 2000లో అమెరికా నిపుణులు ఎలర్జీల కుటుంబాల్లో పుట్టిన పిల్లలకు మూడేళ్లు వచ్చేదాకా పల్లీలు పెట్టొద్దన్నారు. ఆ మాటకు గట్టి ఆధారమేమీ లేదు, ఉన్నది భయమే. తల్లులు బుద్ధిగా పాటించారు. అమెరికా సర్వేల్లో 1997లో 0.4 శాతం పిల్లల్లో కనిపించిన పల్లీ ఎలర్జీ 2008కి 1.4 శాతమైంది!

మరి ఇజ్రాయెల్‌లో? అక్కడ పళ్లు రాని పసివాడి చేతిలోనూ బాంబా ఉంటుంది. మొక్కజొన్న పఫ్‌లకు పల్లీ ముద్ద పట్టించిన చిరుతిండి అది, నోట్లో పెట్టుకోగానే కరిగిపోతుంది. రెండు దేశాల్లోని యూదుల పిల్లలను పోల్చి లాక్ బృందం 2008లో లెక్క తేల్చింది: పల్లీ ఎలర్జీ బ్రిటన్‌లో 1.85 శాతం, ఇజ్రాయెల్‌లో 0.17 శాతం. జాతి ఒకటే, తిండి వేరు.

పోలిక రుజువు కాదు కదా. కాబట్టి తీవ్రమైన ఎగ్జిమా (చర్మం పొడిబారి దురదపెట్టే జబ్బు) గానీ గుడ్డు ఎలర్జీ గానీ ఉన్న 640 మంది పసివాళ్లను తీసుకున్నారు. వయసు 4 నుంచి 11 నెలలు, మన లెక్కలో అన్నప్రాసనకు కాస్త అటూ ఇటూ. చీటీ వేసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఐదేళ్లు నిండేదాకా వారం వారం పల్లీ తినిపించారు, రెండో జట్టుకు పూర్తిగా మాన్పించారు. 2015లో ఫలితం వచ్చింది. మొదట్లో చర్మ పరీక్షలో ఏమీ కనిపించని పిల్లల్లో, మానినవాళ్లలో 13.7 శాతానికి ఎలర్జీ వస్తే, తిన్నవాళ్లలో 1.9 శాతానికే వచ్చింది.

లాక్ అనుమానం ఇది: ఎగ్జిమాతో పగిలిన చర్మం గుండా పల్లీ లోపలికి వెళితే ఒళ్లు దాన్ని శత్రువనుకుంటుంది, కడుపు దారిన వెళితే తిండిగా ఒప్పుకుంటుంది. బ్రిటన్‌లో పసిపిల్లల చర్మానికి రాసే కొన్ని క్రీముల్లో వేరుశనగ నూనె ఉండేది మరి. నోటికి వద్దన్నది ఒంటికి పూశారన్నమాట.

2017లో అమెరికా సలహా తిరగబడింది: ముప్పు ఎక్కువున్న పిల్లలకు డాక్టర్ పరీక్ష చేశాక 4–6 నెలల్లోనే పల్లీ మొదలుపెట్టమన్నారు. గింజలు కాదు, అవి గొంతుకు అడ్డం పడతాయి. మెత్తటి ముద్దను పల్చగా కలిపి పెట్టాలి.

ఎలర్జీ ఇప్పటికే వచ్చినవాళ్ల సంగతి వేరు. 1908లోనే ఆల్ఫ్రెడ్ స్కోఫీల్డ్ అనే ఆంగ్ల వైద్యుడు, గుడ్డు పడని 13 ఏళ్ల అబ్బాయికి రవ్వంత గుడ్డు కలిపిన మాత్రలతో మొదలుపెట్టి, మోతాదు పెంచుతూ కొన్ని నెలలకు గుడ్లు తినిపించాడు. అదే బాటలో తయారైన పల్లీ పొడి మందుకు అమెరికా 2020లో అనుమతిచ్చింది. అది పొరపాటున నోట్లో పడే పల్లీ ముప్పును తగ్గించడానికే. మందు వాడుతున్నా ఆ పిల్లలు పల్లీలు మానాల్సిందే, అడ్రినలిన్ దగ్గరుంచుకోవాల్సిందే.