ట్యూనా బేరం పడిపోయిన ఏడు

ఒక్క సరుకు రిజెక్ట్ అయితే ఒడ్డు మొత్తానికి బేరం పడిపోతుంది. విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర ఎగుమతి కంపెనీ ల్యాబ్‌లో పనిచేసినన్నాళ్లూ నేను చూసింది ఇదే. ఎక్కడో ఏదో కంటెయినర్‌లో యాంటీబయాటిక్ ఆనవాళ్లు దొరికాయని కబురొస్తే చాలు, మర్నాడు మంచి రొయ్యకి కూడా రేటు ఉండేది కాదు. అందుకే కాబోలు, 1954లో జపాన్‌లో జరిగింది చదువుతుంటే నాకు బాంబు కన్నా ముందు చేపల కొట్టు కళ్లకు కట్టింది.

ఆ ఏడు మార్చి 1న అమెరికా బికినీ దీవుల్లో హైడ్రోజన్ బాంబు పేల్చింది. 15 మెగాటన్నులు. హిరోషిమా మీద వేసినదానికి సుమారు వెయ్యి రెట్లు, శాస్త్రవేత్తలు వేసుకున్న లెక్కకి రెండున్నర రెట్లు. అక్కడికి దాదాపు 160 కిలోమీటర్ల దూరాన, ప్రమాద ప్రాంతమని గీసిన గీతకి బయటే, దైగో ఫుకుర్యు మారు అనే పడవ ట్యూనాకి గాలాలు వేసుకుని ఉంది. పడవలో 23 మంది. పొడై ఎగిరిన పగడపు దిబ్బ తెల్లని బూడిదై గంటల తరబడి వాళ్ల నెత్తిన రాలింది. గాలాల తాళ్లు వదిలేసి పారిపోతే నష్టం కదా, ఆ బూడిదలోనే నిలబడి తాళ్లు లాక్కున్నారు. ఒళ్లు కమిలింది, జుట్టు ఊడింది. మార్చి 14న యైజు రేవు చేరారు. సంగతి పేపర్లో వచ్చేసరికి మరో రెండు రోజులు. ఆపాటికి చేప మార్కెట్లకి వెళ్లిపోయింది.

టోక్యోలోని త్సుకిజి మార్కెట్‌లో ఆ ట్యూనాని పట్టుకుని, మార్కెట్ ఆవరణలోనే గొయ్యి తీసి పాతిపెట్టారు. ప్రభుత్వం అయిదు రేవుల్లో తనిఖీ పెట్టింది. చేపకి 10 సెంటీమీటర్ల దూరంలో, రేడియేషన్ కొలిచే గైగర్ యంత్రం ఉంచితే నిమిషానికి వంద టిక్కులు వచ్చిందా, పారేయాల్సిందే. నిబంధన బాగానే ఉంది. కానీ తొంభై తొమ్మిది వచ్చిన చేపని ఏ తల్లి కొంటుంది? సంవత్సరం తిరిగేలోగా 856 పడవలు సుమారు 485 టన్నుల ట్యూనాని పారబోశాయి. ఏ తప్పూ లేని చేపలు కూడా బల్లల మీద అమ్ముడుపోకుండా ఉండిపోయాయి.

టోక్యోలో సుగినామి అనే వార్డు ఉంది. ఏప్రిల్‌లో అక్కడి పౌరభవనంలో ఆడవాళ్ల సభ జరుగుతుంటే, తొమికో సుగావరా అనే ఆవిడ లేచి మాట్లాడింది. భర్తది చేపల కొట్టు. మా గతేమిటి, ఈ బాంబుల సంగతి మీరూ ఆలోచించరా అన్నది ఆమె మాటల సారం. వార్డులో చేపల వర్తకులు హైడ్రోజన్ బాంబుకి వ్యతిరేకంగా అప్పటికే సంతకాలు సేకరించడం మొదలుపెట్టి ఉన్నారు. పౌరభవనం నడిపే కావొరు యాసుయి అంతర్జాతీయ న్యాయశాస్త్రం చదివిన ఆచార్యుడు. ఆయన దగ్గర కూచుని పుస్తకాలు చదువుకునే గృహిణుల బృందం ఒకటి ఉండేది. మే 9న సంఘం కట్టారు. ఆ గృహిణులు కాగితాలు పట్టుకుని గడప గడపా ఎక్కారు. దాదాపు 3.9 లక్షల జనాభా ఉన్న వార్డులో రెండు మూడు నెలల్లో 2.6 లక్షలకు పైగా సంతకాలు! ఏ పార్టీ పేరూ రానివ్వలేదు, ఏ దేశాన్నీ తిట్టలేదు. ఆ ఉద్యమం బలమంతా అక్కడే ఉందని నా అభిప్రాయం.

మన దేశమూ ఊరుకోలేదు. ఏప్రిల్ 2న నెహ్రూ లోక్‌సభలో, అణ్వాయుధాల మీద ఒప్పందం కుదిరేదాకా పరీక్షలైనా నిలిపేయండని అగ్రరాజ్యాలను అడిగారు. ప్రపంచంలో ఆ మాట అధికారికంగా అడిగిన మొదటి ప్రధాని ఆయనేనంటారు.

సెప్టెంబర్ 23న పడవ రేడియో ఆపరేటర్ ఐకిచి కుబోయామా చనిపోయాడు. నలభై ఏళ్లవాడు. సంతకాలు మరీ ఊపందుకున్నాయి. జపాన్ ప్రభుత్వమేమో డిసెంబర్ నెలాఖరుతో చేపల తనిఖీ ఎత్తేసింది. నాలుగు రోజులకి, 1955 జనవరి 4న, అమెరికా ఇచ్చే 20 లక్షల డాలర్లకి ఒప్పుకుని వ్యవహారం ముగించింది. తప్పు ఒప్పుకున్నట్టు కాదట, సానుభూతితో ఇచ్చిన సొమ్మట. ల్యాబ్‌లో పనిచేసినదాన్ని కనుక అంటున్నా, మీటరు ఆపేస్తే చేప శుభ్రమైపోదు.

1955 ఆగస్టు 6న హిరోషిమాలో అణు, హైడ్రోజన్ బాంబులకి వ్యతిరేకంగా మొదటి ప్రపంచ మహాసభ జరిగేనాటికి సంతకాలు 3 కోట్లు దాటాయి. దేశ జనాభా అప్పటికి 9 కోట్లు కూడా లేదు. పదేళ్ల కిందటి బాంబు బాధితులు తమ గోడు పదిమందిలో చెప్పుకోగలిగిన పెద్ద వేదిక అదే. ఆ మరుసటి ఏడాది వాళ్లు పెట్టుకున్న సంఘమే నిహోన్ హిదాన్‌క్యో. 2024 నోబెల్ శాంతి బహుమతి దానికే వచ్చింది.

తరవాత పార్టీలు దూరాయి. 1961లో సోవియట్ యూనియన్ పరీక్షలు మళ్లీ మొదలుపెడితే ఖండించాలా వద్దా అని కమ్యూనిస్టులూ సోషలిస్టులూ కొట్టుకున్నారు. 1965కల్లా ఉద్యమం రెండు సంస్థలుగా చీలింది. చేపలమ్ముకునే ఇల్లాలికి ఏ దేశపు బూడిదైనా ఒకటే. ఆ చిన్న సంగతి పెద్ద నాయకులకి ఎక్కలేదు.

పడవ మనుషుల గతి ఇంకా అన్యాయం. పరిహారం దొరికిందని ఊళ్లో కన్నుకుట్టింది. వాళ్లలో ఒకడైన మతషిచి ఓయిషి యైజు వదిలేసి టోక్యోలో లాండ్రీ పెట్టుకున్నాడు. తొలికాన్పులో బిడ్డ చనిపోయి పుట్టినా ఏళ్ల తరబడి నోరు విప్పలేదు. 1980ల నుంచి మాత్రం బడిపిల్లల ముందు నిలబడి అంతా చెప్పడం మొదలుపెట్టాడు. చెత్తదిబ్బ పాలైన ఆ పడవని జనం పోరాడి దక్కించుకున్నారు. 1976 నుంచి అది టోక్యోలోనే ప్రదర్శనశాలలో ఉంది.

ఓయిషి 2021 మార్చిలో పోయాడు. అదే ఏడాది జనవరి 22న అణ్వాయుధ నిషేధ ఒప్పందం అమల్లోకి వచ్చింది. 3 కోట్ల మంది సంతకం పెట్టిన దేశపు ప్రభుత్వం దానిమీద సంతకం పెట్టలేదు. మన ప్రభుత్వమూ పెట్టలేదు.