బానిసత్వ నిర్మూలన.. పరిహారం దక్కింది ఎవరికి?

బ్రిటన్ తన వలస రాజ్యాల్లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ 1833లో చట్టం చేసింది. ఆ చట్టం అమలు కోసం 1835లో తెచ్చిన అప్పు పద్దు పూర్తిగా ముగిసింది మాత్రం 2015లో. ఈ విషయాన్ని ఆ దేశ ఆర్థిక శాఖ 2018 ఫిబ్రవరిలో సామాజిక మాధ్యమంలో గర్వంగా ప్రకటించి, విమర్శలు రావడంతో ఆ ప్రకటనను తొలగించింది. విమర్శలకు కారణం ఉంది. ఆ అప్పు తెచ్చింది విముక్తి పొందిన బానిసలకు భూమి, కూలి, గూడు సమకూర్చడానికి కాదు. 'ఆస్తి' కోల్పోయిన యజమానులకు నష్టపరిహారం చెల్లించడానికి. 20వ శతాబ్దంలో కరీబియన్ దీవుల నుంచి బ్రిటన్‌కు వలస వచ్చి పన్నులు కట్టిన బానిసల వారసులు సైతం తమ పూర్వీకుల యజమానుల పరిహారంలో తమ వంతు చెల్లించినట్లయింది.

బానిసత్వం ఒక్క ఐరోపా సృష్టి కాదు. ప్రాచీన గ్రీసు, రోమ్, అరబ్బు రాజ్యాలు, ఆఫ్రికా రాజ్యాలు, భారతదేశం.. అన్నింటిలోనూ అది ఏదో ఒక రూపంలో ఉంది. అయితే 16వ శతాబ్దం నుంచి అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా సాగిన వ్యాపారం పరిమాణంలోనూ పద్ధతిలోనూ వేరు. చరిత్రకారులు ఓడల ప్రయాణ రికార్డులను క్రోడీకరించి వేసిన అంచనా ప్రకారం దాదాపు 1 కోటి 25 లక్షల మంది ఆఫ్రికన్లను ఓడలెక్కించారు. వారిలో అవతలి తీరాన ప్రాణాలతో దిగినవారు సుమారు 1 కోటి 7 లక్షలు. బానిసత్వం అనగానే ఎక్కువమందికి అమెరికా గుర్తుకు వస్తుంది గానీ, నేటి అమెరికా భూభాగానికి నేరుగా చేరినవారు 4 లక్షల లోపే. బ్రెజిల్‌కు తరలించినవారు 45 లక్షలకు పైమాటే. పంచదార, కాఫీ తోటల్లో మనుషులు త్వరగా చనిపోయేవారు కాబట్టి కొత్తవారిని నిరంతరం తెచ్చేవారు. పశ్చిమార్ధ గోళంలో బానిసత్వాన్ని చిట్టచివరగా, 1888 మే 13న రద్దు చేసిన దేశం కూడా బ్రెజిలే.

ఈ వ్యాపారంలో మనిషిని ఏ పద్దు కింద రాసేవారో 'జాంగ్' ఓడ ఉదంతం తెలియజేస్తుంది. 1781 చివరలో లివర్‌పూల్ వ్యాపారులకు చెందిన ఆ ఓడ దారి తప్పింది. తాగునీరు చాలదన్న సాకుతో సిబ్బంది 130 మందికి పైగా ఆఫ్రికన్లను సముద్రంలోకి తోసివేశారు. యజమానులు తలకు 30 పౌండ్ల చొప్పున బీమా సొమ్ము కోరారు. 1783లో లండన్ న్యాయస్థానంలో వాదోపవాదాలన్నీ బీమా సొమ్ము చుట్టూనే నడిచాయి. హత్యానేరం కింద ఎవరినీ విచారించలేదు. ఒకప్పుడు తానూ బానిసగా బతికిన ఒలాడా ఈక్వియానో ఈ దురంతాన్ని సంస్కర్త గ్రాన్‌విల్ షార్ప్ దృష్టికి తీసుకువెళ్లారు. ఆ తర్వాత కొన్నేళ్లలోనే బ్రిటన్‌లో బానిస వ్యాపార వ్యతిరేకోద్యమం బలపడింది. 1807లో వ్యాపారాన్ని నిషేధించారు. బానిసత్వం మాత్రం మరో పాతికేళ్లకు పైగా కొనసాగింది.

2 కోట్ల పౌండ్ల పద్దు

1833 చట్టం 1834 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది. యజమానులకు కేటాయించిన మొత్తం 2 కోట్ల పౌండ్లు. అప్పటి బ్రిటిష్ ప్రభుత్వ వార్షిక వ్యయంలో ఇది సుమారు 40 శాతం. వృత్తి నైపుణ్యం గలవారికి ఒక ధర, పొలం పనివారికి మరో ధర, పసిపిల్లలకు వేరొక ధర నిర్ణయించి పంచారు. క్లెయిములు దాదాపు 46,000. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ఈ దరఖాస్తులన్నిటినీ అందరికీ అందుబాటులోకి తెచ్చాక, యజమానుల్లో పెద్ద జమీందారులతో పాటు ఇద్దరు ముగ్గురు బానిసలను అద్దెకిచ్చి బతికిన మధ్యతరగతి కుటుంబాలు, చర్చి గురువులు, పెద్ద సంఖ్యలో స్త్రీలు కూడా ఉన్నట్లు బయటపడింది.

బానిసలకు దక్కింది 'శిక్షణ కాలం'. ఆరేళ్ల లోపు పిల్లలు మాత్రమే తక్షణం స్వేచ్ఛ పొందారు. మిగిలినవారు నాలుగు నుంచి ఆరేళ్ల పాటు అదే యజమాని వద్ద వారానికి 45 గంటలు జీతం లేకుండా పనిచేయాలన్నది నిబంధన. తరతరాలుగా అదే పని చేస్తున్నవారికి కొత్తగా ఏ శిక్షణ అవసరమో చట్టం చెప్పలేదు. నిరసనలు పెరగడంతో ఈ ఏర్పాటును 1838లో ముందుగానే ఎత్తివేశారు.

ఫ్రాన్స్ ఇంకో అడుగు ముందుకు వేసి, పరిహారాన్ని బానిసల నుంచే వసూలు చేసింది. సెయింట్ డొమింగ్‌లో 1791లో మొదలైన బానిసల తిరుగుబాటు నెపోలియన్ సేనలను ఓడించి, 1804 జనవరి 1న హైతీ స్వతంత్ర దేశంగా అవతరించింది. 1825లో 14 ఫ్రెంచి యుద్ధనౌకలు ఆ దేశ రాజధాని ముంగిట నిలిచాయి. స్వాతంత్ర్యాన్ని గుర్తించాలంటే తోటల యజమానులకు 15 కోట్ల ఫ్రాంకులు కట్టాలన్నది షరతు. అంతకు 22 ఏళ్ల ముందు విశాలమైన లూసియానా భూభాగాన్ని ఫ్రాన్స్ అమెరికాకు విక్రయించిన వెల 8 కోట్ల ఫ్రాంకులే. 1838లో మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించారు. తొలి వాయిదా కట్టడానికే హైతీ ఫ్రెంచి బ్యాంకుల వద్ద అప్పు చేయాల్సివచ్చింది. ఆ అప్పుల శేషం 1947లో గానీ తీరలేదు. ఆ సొమ్మును తిరిగి ఇవ్వాలని 2003లో హైతీ కోరింది. ఈ చరిత్రను పరిశీలించేందుకు ఉభయ దేశాల చరిత్రకారులతో సంఘం వేస్తామని ఫ్రాన్స్ అధ్యక్షుడు 2025 ఏప్రిల్‌లో ప్రకటించారు.

గ్లాడ్‌స్టన్ లేఖ

పరిహారం పొందినవారిలో జాన్ గ్లాడ్‌స్టన్ ప్రముఖుడు. ఆ తర్వాత నాలుగుసార్లు బ్రిటన్ ప్రధాని అయిన విలియం గ్లాడ్‌స్టన్‌కు ఆయన తండ్రి. 2,500 మందికి పైగా బానిసలకు గాను ఆయనకు లక్ష పౌండ్లకు పైగా ముట్టింది. దక్షిణ అమెరికా తీరాన డెమరారా (నేటి గయానా)లో ఆయన చెరకు తోటలు ఉండేవి. 1823లో అక్కడ చెలరేగిన బానిసల తిరుగుబాటు ఆయన తోటలోనే మొదలైంది.

బానిసలు విడుదలైతే తోటల్లో పనిచేసేదెవరు? 1836 జనవరిలో జాన్ గ్లాడ్‌స్టన్ కలకత్తాలోని ఒక వ్యాపార సంస్థకు లేఖ రాసి, భారతీయ కూలీలను పంపడం సాధ్యమేనా అని ఆరా తీశారు. అప్పటికే మారిషస్‌కు పంపుతున్నామని, ఇబ్బంది లేదని జవాబు వచ్చింది. 1838 మే నెలలో 'విట్‌బీ', 'హెస్పరస్' అనే ఓడలు సుమారు 400 మంది భారతీయులను గయానాలో దించాయి. వారిలో చాలామంది ఛోటానాగ్‌పూర్ కొండ ప్రాంతాలవారు. కొరడా దెబ్బలు, కూలి కోతలు, మరణాలు బయటికి పొక్కడంతో ఈ వలసను కొంతకాలం నిలిపివేశారు. 1842లో మారిషస్‌కు, మరి కొద్ది ఏళ్లలో కరీబియన్‌కు మళ్లీ ద్వారాలు తెరిచారు. 'అగ్రిమెంట్' అన్న మాట కూలీల నోట 'గిర్మిట్' అయింది. ఐదేళ్ల ఒప్పందం, పని మానేస్తే జైలు శిక్ష. బానిసను అమ్మవచ్చు, గిర్మిట్ కూలీని అమ్మరాదు. ఒప్పందం ముగిశాక అతడు స్వేచ్ఛాజీవి. ఈ తేడా చిన్నది కాదు. అలాగని తోటలోని రోజువారీ బతుకులో అది ఎంత కనిపించిందన్నది వేరే ప్రశ్న. చరిత్రకారుడు హ్యూ టింకర్ 1974లో ఈ వ్యవస్థపై రాసిన గ్రంథానికి 'కొత్త తరహా బానిసత్వం' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు.

తెలుగు నేలకు ఈ చరిత్రతో నేరుగా సంబంధం ఉంది. గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి వేలాది మంది మారిషస్, నాటాల్, ఫిజీలకు వెళ్లారు. కాకినాడ సమీపంలోని కోరంగి రేవు పేరు మీద మారిషస్‌లో, బర్మాలో తెలుగువారిని 'కోరంగీలు' అనేవారు. మారిషస్‌లో ఉగాది నేటికీ ప్రభుత్వ సెలవు దినం. పోర్ట్ లూయిస్‌లో కూలీలు దిగిన అప్రవాసీ ఘాట్‌ను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. పారిపోయిన బానిసలు తలదాచుకున్న లె మార్న్ కొండకు అదే గుర్తింపు 2008లో లభించింది. గోపాలకృష్ణ గోఖలే కేంద్ర శాసనసభలో ఈ వ్యవస్థ రద్దు కోసం 1912లో పెట్టిన తీర్మానం వీగిపోయింది. కూలీల ఎగుమతి ఆగింది 1917లో.

భారత్‌లో 1843 నుంచి

1833 చట్టం ఈస్టిండియా కంపెనీ పాలనలోని ప్రాంతాలకు వర్తించలేదు. ఇక్కడికి 1843లో ఐదవ చట్టం వచ్చింది. అది బానిసత్వాన్ని నేరంగా ప్రకటించలేదు. ఫలానా వ్యక్తి తన బానిస అని ఎవరైనా దావా వేస్తే కోర్టులు పట్టించుకోరాదని మాత్రమే చెప్పింది. మనుషుల కొనుగోలు, అమ్మకాలను శిక్షార్హం చేసింది 1860 నాటి భారత శిక్షాస్మృతి. చట్టంలో 'బానిస' అన్న మాట పోయినా, అప్పు పేరిట మనిషిని కట్టిపడేసే పద్ధతి యథాతథంగా నిలిచింది. మహాత్మా జోతిరావు ఫులే 1873లో వెలువరించిన 'గులాంగిరి' గ్రంథాన్ని నీగ్రో బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. కుల వ్యవస్థలోని అణచివేతను బానిసత్వంగానే చూడాలన్న ఆ దృష్టి తర్వాతి కాలంలో చాలామందికి దారి చూపింది.

నిజాం రాజ్యంలోని తెలంగాణలో దేశ్‌ముఖులు, జాగీర్దారుల ఇళ్లలో సాగిన వెట్టిచాకిరీ ఈ కోవలోనిదే. చిన్న అప్పుకు భగేలాగా కుదిరినవాడు వడ్డీ తీర్చలేక కొడుకునూ ఆ చాకిరీకే ఒప్పగించేవాడు. వృత్తి కులాలవారు ఎవరి పని వారు దొరకు ఉచితంగా చేయాలి. "బాంచన్, నీ కాల్మొక్త" అన్న మాటలోని బాంచన్‌కు అర్థం బానిసనని. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పుల్లో మరణించడంతో రగిలిన రైతాంగ సాయుధ పోరాటంలో వెట్టి రద్దు ప్రధాన డిమాండ్లలో ఒకటి.

రాజ్యాంగంలోని 23వ అధికరణం మనుషుల అక్రమ రవాణాను, వెట్టిని, నిర్బంధ శ్రమను నిషేధించింది. అయినా వెట్టిచాకిరీ వ్యవస్థ రద్దు చట్టం 1976లో గానీ రాలేదు. ఆ చట్టం వెట్టి కార్మికుడి అప్పును రద్దు చేసింది. ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు 1982లో ఇచ్చిన తీర్పు మరింత ముఖ్యమైనది. కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయించుకోవడం కూడా నిర్బంధ శ్రమేనని, ఆకలి, పేదరికం సైతం నిర్బంధాలేనని ధర్మాసనం స్పష్టం చేసింది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ, మరో రెండు సంస్థలు కలిసి 2022లో వెలువరించిన అంచనా ప్రకారం 2021లో ఏ రోజైనా ప్రపంచంలో 5 కోట్ల మంది ఆధునిక బానిసత్వంలో ఉన్నారు. నిర్బంధ శ్రమలో 2.76 కోట్ల మంది, బలవంతపు వివాహాల్లో 2.2 కోట్ల మంది. ఇటుక బట్టీకి ముందస్తు సొమ్ము తీసుకుని వెళ్లిన కుటుంబం, గల్ఫ్‌లో పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండిపోయిన ఇంటి పనిమనిషి ఈ కోవలోకి వస్తారు. ఉద్యోగమని నమ్మి కంబోడియా వెళ్లి సైబర్ మోసాల కేంద్రంలో చిక్కుకున్న యువకుడూ అంతే. ఈ మూడు దారుల్లోనూ తెలుగు రాష్ట్రాలవారు ఉన్నారు. కంబోడియాకు యువతను తరలించిన ఏజెంట్లను విశాఖపట్నం పోలీసులు 2024లో అరెస్టు చేశారు.

పరిహారం చర్చ ఇప్పటికీ ముగియలేదు. కరీబియన్ దేశాల కూటమి 2013లో ఒక సంఘాన్ని నియమించి, మరుసటి ఏడాది పది అంశాల డిమాండ్ల పత్రాన్ని ఐరోపా దేశాల ముందుంచింది. నెదర్లాండ్స్ రాజు 2023 జులైలో క్షమాపణ చెప్పారు. అదే ఏడాది ఆగస్టులో గ్లాడ్‌స్టన్ వంశీయులు గయానాకు వెళ్లి, బానిసత్వానికీ గిర్మిట్ వ్యవస్థకూ కలిపి క్షమాపణ కోరారు. భారత్‌లో వెట్టి నుంచి విడిపించినవారికి 2016 నాటి కేంద్ర పథకం కింద పురుషులకు లక్ష రూపాయలు, మహిళలకు, పిల్లలకు 2 లక్షలు, తీవ్రమైన దోపిడీకి గురైనవారికి 3 లక్షలు ఇవ్వాలి. తక్షణ సాయంగా అందే కొద్ది మొత్తం పోను, మిగిలిన సొమ్ము విడుదల కావాలంటే అధికారి ఇచ్చే విముక్తి ధ్రువపత్రం ఉండాలి, యజమానిపై విచారణ పూర్తి కావాలి.