జేబు మీద పట్టని కొండ

స్వర్ణోత్సవ సంచికకు అట్ట బొమ్మ వేయిస్తుంటే మొదటి పేచీ మన బడి ముద్ర దగ్గరే వచ్చింది. వెనక కొండగట్టు, ముందు తెరిచిన పుస్తకం, దాని మీద దీపం, ఇరుపక్కలా వరి కంకులు, అడుగున పళ్ల చక్రం, చుట్టూ సంస్కృత సూక్తి, తెలుగులో బడి పేరు. గోడ మీద పెయింటర్ వేసినప్పుడు నిండుగానే ఉండేది. రూపాయి బిళ్లంత రబ్బరు స్టాంపు అయ్యేసరికి టీసీ మీద సిరా మరక. చొక్కా జేబు మీద ఇంకా అన్యాయం. దారం కంటే సన్నని గీతను ఏ మిషనూ కుట్టలేదు, కొండ కాస్తా గడ్డివాము అయిపోయింది.

తీసేద్దామంటే ఏది తీయాలి? కంకులు రైతు బిడ్డలవి. కొండ అంజన్నది, దాని జోలికి ఎవరు పోతారు? రాష్ట్ర చిహ్నంలోంచి కాకతీయ తోరణం, చార్మినార్ పోతాయన్న మాటకే 2024లో ఎంత రభస అయ్యిందో, కొత్త చిహ్నం ఎట్లా వాయిదా పడిందో చూశాం.

స్టేట్ బ్యాంకు ఈ చిక్కు దాటింది. దాని పాత గుర్తు ఊడలు దిగిన మర్రిచెట్టు. 1971లో అహ్మదాబాద్ జాతీయ డిజైన్ సంస్థ నుంచి శేఖర్ కామత్ గీసిన గుర్తు వచ్చింది: నీలం వృత్తం, నడుమ చిన్న గుండ్రం, దాని కింద సన్నని చీలిక. అంతే. తాళపు కన్నం అని కొందరు, అహ్మదాబాద్‌లోని కాంకరియా చెరువు అని కొందరు అంటారు. అక్షరం రాని మా నాయనమ్మకు ఈ అర్థాలేవీ అక్కర్లేదు, నీలం గుండ్రం చూసి బ్యాంకు పోల్చుకునేది. నిజాం కాలంలో, 1941లో పుట్టిన మన ఎస్‌బీహెచ్ కూడా అదే గుర్తు వాడింది. 2017 ఏప్రిల్ 1న ఆ పేరు పోయింది, గుండ్రం మాత్రం బోర్డు మీద అట్లాగే మిగిలింది.

మేమూ వాదన ఆపి పరీక్ష పెట్టాం. ముద్రను గోటి సైజుకు తగ్గించి, జిరాక్స్‌కు జిరాక్స్ మూడుసార్లు తీయించాం. సూక్తి మొదటి కాపీలోనే అలుక్కుపోయింది, తర్వాత కంకులు, చక్రం. మూడో కాపీలో కొండ అంచు, దీపం మంట మిగిలాయి. ఆ రెండే కొత్త ముద్ర.

పాతదాన్ని చెరపలేదు. ప్రార్థన జరిగే చోట గోడ మీద మళ్లీ రంగులు వేయించాం. చక్రానికి పళ్లు 13. ప్రార్థనలో నిలబడి లెక్కపెట్టినవాళ్లు ఈ సంచిక చదివేవారిలో చాలామందే ఉంటారు.