తోడికోడళ్ళూ, విషపు చుక్కా

ఆడవాళ్ళ అలంకారాల మీద మగవాళ్ళు విసిరే విసుర్లకి అంతులేదు. కాటుక పెట్టుకుంటే ఒక మాట, పెట్టుకోకపోతే ఇంకో మాట. కానీ అలాంటి అలంకారం ఒకటి వైద్యశాస్త్రంలోకి ఎక్కి కూర్చుందనీ, ఈనాటికీ ఆస్పత్రుల్లో ప్రాణాలు నిలబెడుతోందనీ చెబితే ఎంతమంది నమ్ముతారు?

పూర్వం ఇటలీలో కలవారి ఇళ్ళ స్త్రీలు ఒక మొక్క రసం కళ్ళల్లో వేసుకునేవారట. కాసేపటికి కనుపాప బాగా విచ్చుకుని, కళ్ళు పెద్దవిగా, నల్లగా, నిగనిగలాడుతూ కనిపించేవి. చూసేవాళ్ళకి అందమే. వేసుకున్నవాళ్ళకి మాత్రం దగ్గర వున్నవన్నీ మసకమసక, వెలుగు చూస్తే జిగేలు! ఆ కళ్ళు చూసి మనసు పారేసుకున్నవాడి మొహం ఆ కళ్ళకే సరిగా ఆనేది కాదన్నమాట.

ఆ మొక్క పేరు బెల్లడోనా. ఇటాలియన్ భాషలో 'అందమైన స్త్రీ' అని అర్థం. 1753లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్ దానికి 'అట్రోపా బెల్లడోనా' అని నామకరణం చేశాడు. గ్రీకు పురాణాల్లో విధిదేవతలు ముగ్గురు అక్కచెల్లెళ్ళు. మనిషి ఆయువు దారాన్ని పుటుక్కున కత్తిరించే దేవత పేరు అట్రోపోస్. అంటే ఆయన ఒకే పేరులో మృత్యుదేవతనీ, అందగత్తెనీ పక్కపక్కన కూర్చోబెట్టాడు. కంట్లో చుక్క పడితే అందం, పండ్లు కడుపులో పడితే మరణం!

మనకిదేం కొత్తకాదు. బెల్లడోనాకి దగ్గర చుట్టం ఒకటి మన దొడ్ల వెనకాల, రోడ్ల పక్కన విరివిగా పెరుగుతుంది. వినాయక చవితినాడు ఇరవైయొక్క పత్రులతో పూజ చేసేటప్పుడు 'దత్తూర పత్రం' అని చదువుతాం చూడండి, అదే ఉమ్మెత్త. ఆ మాట సంస్కృతంలోని 'ఉన్మత్త' నుంచి వచ్చింది. తిన్నవాడికి పిచ్చెక్కిస్తుందని మన పెద్దలు పేరులోనే చెప్పి పెట్టారు. నోరు పిడచకట్టుకుపోతుంది, ఒళ్ళు కాలిపోతుంది, కనుపాపలు విచ్చుకుపోతాయి, గుండె దడదడలాడుతుంది, లేనివాళ్ళతో మాట్లాడటం మొదలవుతుంది.

ఇదే ఉమ్మెత్త మన మద్రాసు నుంచి సీమకి ప్రయాణం కట్టింది. 1802లో జనరల్ జెంట్ అనే ఆయన ఇక్కడి చిట్కా ఒకటి ఇంగ్లండుకి మోసుకెళ్ళాడు. ఎండబెట్టిన ఉమ్మెత్తని కాల్చి పొగ పీలిస్తే ఉబ్బసం నెమ్మదిస్తుందని. తర్వాత చాలాకాలంపాటు ఐరోపా మందుల షాపుల్లో ఉబ్బసం సిగరెట్లు అమ్మారు. (ఇది చదివి ఎవరూ ప్రయత్నించకండి. మోతాదు తెలియని పొగ అది.)

సరే, మరి కనుపాప విచ్చుకోవడానికీ, నోరు ఎండిపోవడానికీ, ఉబ్బసం సర్దుకోవడానికీ సంబంధం ఏమిటి?

మనం నిద్రపోతున్నా గుండె కొట్టుకుంటుంది, అన్నం అరుగుతుంది, ఊపిరి ఆడుతుంది. మన ప్రమేయం లేకుండా ఈ పనులు నడిపించే ఏర్పాటుని పాఠ్యపుస్తకాల్లో స్వయంచోదిత నాడీ వ్యవస్థ అంటారు. అంత పెద్ద పేరు అక్కర్లేదు. ఒక ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళు వున్నారనుకోండి.

పెద్దకోడలు హడావిడి మనిషి. పేరు సింపథెటిక్. దొంగ వచ్చాడన్నా, పాము కనబడిందన్నా పెత్తనం ఆవిడదే. గుండెని పరుగెత్తిస్తుంది, కనుపాపల్ని విప్పుతుంది, ఊపిరిగొట్టాల్ని వెడల్పు చేస్తుంది, వంటింటికి మాత్రం తాళం వేస్తుంది. పరుగెత్తేటప్పుడు అన్నం అరిగించుకునే తీరికెక్కడ? చిన్నకోడలు నిమ్మళం మనిషి. పేరు పారాసింపథెటిక్. నోట్లో లాలాజలం ఊరించడం, కడుపులో పని జరిపించడం, గుండెని నెమ్మదింపచేయడం, కనుపాపని ముడవడం, ఊపిరిగొట్టాల్ని కాస్త బిగించడం ఆవిడ వంతు. ఇద్దరూ సర్దుకుపోతేనే ఇల్లు ఇల్లుగా వుంటుంది.

ఉమ్మెత్త, బెల్లడోనాలు చేసేదల్లా ఒకటే. చిన్నకోడలి మాట ఎక్కడా చెల్లకుండా చేస్తాయి. ఇక ఇల్లంతా పెద్దకోడలి రాజ్యమే! అందుకే కన్ను విచ్చుకుంటుంది, నోరు ఎండుతుంది, ఊపిరిగొట్టం వదులవుతుంది.

ఈ సంగతి ఇంత సులువుగా తెలియలేదు. 1819లో జర్మనీలోని యేనా పట్టణంలో రుంగే అనే కుర్ర విద్యార్థి, మహాకవి గోథే దగ్గరికి చంకలో పిల్లిని పెట్టుకుని వెళ్ళాడు. దాని ఒక కంట్లో బెల్లడోనా రసం వేశాడు. ఒక కన్ను మామూలుగా, రెండోది గుండ్రంగా విచ్చుకుని! గోథే ముచ్చటపడి, వీటినీ పరీక్షించు బాబూ అని కాసిని కాఫీ గింజలు చేతిలో పెట్టాడు. ఆ కుర్రాడే వాటిలోంచి కెఫీన్‌ని వేరుచేశాడు. మన పొద్దుటి కాఫీ రహస్యం బయటపడింది ఒక పిల్లి పుణ్యాన! 1830ల్లో బెల్లడోనా సారాన్ని కూడా వేరుచేసి, దానికి అట్రోపిన్ అని పేరు పెట్టారు.

ఇంతలో ఆఫ్రికా నుంచి మరో విషం వచ్చింది. ఇప్పటి నైజీరియాలో కాలబార్ అనే ప్రాంతం వుంది. అక్కడ నేరం మోపబడినవాళ్ళచేత ఒక రకం చిక్కుడుగింజ తినిపించేవారు. బతికితే నిర్దోషి, చస్తే దోషి. మన సీతమ్మవారి అగ్నిపరీక్షలాంటిదే! 1855లో ఎడింబరో ప్రొఫెసర్ క్రిస్టిసన్‌గారికి ఆ గింజ సంగతి తేల్చాలనిపించింది. తనే కొంచెం తిని చూశాడు. ఒళ్ళు తేలిపోతూ వుండేసరికి భయపడి, గడ్డం గీసుకున్న సబ్బునీళ్ళు గటగటా తాగేసి వాంతి చేసుకుని బతికి బయటపడ్డాడు.

ఆయన శిష్యుడు ఫ్రేజర్ 1862లో ఆ గింజ మీదే థీసిస్ రాశాడు. కంట్లో వేస్తే కనుపాప ఆవగింజంత అయిపోతుందని కనిపెట్టాడు. అంటే బెల్లడోనాకి సరిగ్గా ఎదురు! అది చిన్నకోడలి నోరు నొక్కితే, ఇది ఆవిడ చేతికి అధికారమంతా అప్పగిస్తుంది. 1864లో ప్రాగ్ నగరంలో కొందరు ఖైదీలు సారా అనుకుని అట్రోపిన్ నీళ్ళు తాగేశారు. క్లైన్‌వాక్టర్ అనే డాక్టరు ఈ కాలబార్ గింజ సారమే విరుగుడుగా ఇచ్చాడు. ముల్లుని ముల్లుతోనే తీయడమంటే ఇదే.

అయితే ఈ కోడళ్ళు తమ మాటని గుండెకీ కంటికీ ఎలా చేరవేస్తారు? కరెంటులా నరాల వెంటే పోతుందా, మరేదైనా వుందా? ఈ చిక్కుముడి విప్పింది ఒక కల. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఓటో లోవీ అనే ప్రొఫెసరుకి ఒక రాత్రి కలలో ప్రయోగం ఒకటి తట్టింది. లేచి కాగితం మీద గీసుకుని మళ్ళీ పడుకున్నాడు. తెల్లారి చూసుకుంటే తన రాత తనకే అర్థం కాలేదు! మర్నాటి రాత్రి మూడు గంటలకి మళ్ళీ అదే ఆలోచన. ఈసారి తెల్లారేదాకా ఆగలేదు. తిన్నగా ప్రయోగశాలకి పరుగెత్తాడు. రెండు కప్పల గుండెలు తీసుకుని, మొదటిదాని నరాన్ని కదిపి నెమ్మదింపచేశాడు. ఆ గుండెని తడిపిన ద్రవాన్ని రెండోదానికి పోశాడు. ఏ నరమూ కదపకుండానే అదీ నెమ్మదించింది! అంటే నరం చివర ఏదో రసాయనం రాలుతోందన్నమాట. 1921లో ఈ సంగతి ప్రచురించాడు. ఇంగ్లండులో హెన్రీ డేల్ అంతకుముందే పరిశీలించిన అసిటైల్‌కోలీనే ఆ రసాయనమని తర్వాత తేలింది. ఇద్దరికీ కలిపి 1936లో నోబెల్ బహుమానం వచ్చింది. రెండేళ్ళు తిరక్కుండా నాజీలు యూదుడైన లోవీని జైల్లో పెట్టి, ఆ బహుమానం డబ్బు రాయించుకున్నాకగానీ దేశం దాటనివ్వలేదు.

ఆ రసాయనాన్ని చిన్నకోడలు రాసి పంపే చీటీ అనుకోండి. చదవగానే ఆ చీటీని చింపేసే పనిమనిషి ఒకతె శరీరంలో వుంది. ఆవిడ ఒక ఎంజైము. అట్రోపిన్ చీటీ అందుకునే చోట అడ్డంగా కూర్చుంటుంది. కాలబార్ గింజ సారం పనిమనిషి చేతులు కట్టేస్తుంది. చింపేవాళ్ళు లేక చీటీలు గుట్టలు పడతాయి. చేసిన పనే మళ్ళీమళ్ళీ జరుగుతూ వుంటుంది. లోవీ 1926లో ఈ సంగతి కూడా రుజువు చేశాడు.

ఇక్కడినుంచి కథ మన ఇళ్ళల్లోకి వస్తుంది. 1936లో జర్మనీలో ష్రాడర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పంటలకి పట్టే పురుగుల్ని చంపే మందు కోసం వెతుకుతూ ఒక భయంకరమైన విషవాయువు తయారుచేశాడు. అదే కుటుంబంలోంచి తర్వాత ఎన్నో పురుగుమందులు పుట్టాయి. అవన్నీ చేసేది కాలబార్ గింజ పనే, మరింత మొండిగా. పురుగులోనూ ఆ పనిమనిషే, మనిషిలోనూ ఆ పనిమనిషే. మందుకి తేడా ఏం తెలుస్తుంది?

మన పత్తిచేలల్లో, మిరపతోటల్లో చల్లిన మందులు ఎన్నో ఇలాంటివే. గాలికి ఎదురుగా నిలబడి చల్లినవాళ్ళూ, ఏదో క్షణాన మనసు విరిగి తాగినవాళ్ళూ, నీళ్ళనుకుని తాగిన పసివాళ్ళూ ఒకే స్థితిలో ఆస్పత్రికి వస్తారు. కనుపాపలు సూదిమొనంత, నోట్లోంచి చొంగ, ఒళ్ళంతా చెమట, వాంతులు, ఊపిరితిత్తుల నిండా నీరు. 2013 జులైలో బీహారులోని గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనం తిన్న బడిపిల్లలు ఇరవైముగ్గురు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసిందని పరీక్షలో తేలింది. ఎవరి కడుపుకోత అని చెప్పగలం?

ఇలాంటి కేసు రాగానే డాక్టరు చేయి వెళ్ళేది అట్రోపిన్ ఇంజెక్షన్ మీదికే. ఆ ఇటలీ అందగత్తెల చుక్కే! మామూలుగా ప్రాణం తీసే మోతాదుని మించి కూడా ఇక్కడ ఇవ్వాల్సివస్తుంది. గుట్టలు పడ్డ చీటీలకి అడ్డుకట్ట వేయాలంటే అంత కావాలి మరి. పనిమనిషి కట్లు విప్పడానికి 1955లో పామ్ అనే ఇంకో మందు వచ్చింది. కండరాలు చచ్చుపడితే ఊపిరాడించే యంత్రం కూడా పెట్టాలి. అందుకనే ఇది ఇంటి వైద్యానికి లొంగే వ్యవహారం కాదు. ఉప్పునీళ్ళు పోసి కక్కించడం, క్రిస్టిసన్‌గారి సబ్బునీళ్ళ వైద్యం, ఇవేవీ చేయకండి. తడిసిన బట్టలు విప్పించి, చేతికి ఏదైనా తొడుక్కుని, ఒళ్ళు సబ్బుతో కడిగి, మందు డబ్బా వెంటపెట్టుకుని తక్షణం ఆస్పత్రికి పరుగెత్తండి. అన్నిటికంటే ముందు, పురుగుమందు డబ్బాని ఎంత తోమినా సరే, వంటింటి గడప దాటనివ్వకండి. గట్టి మూత వుందని నూనెకో నీళ్ళకో దాచుకునే పొదుపు మనకి వద్దు.

కంటి డాక్టరు కనుపాప విప్పడానికి చుక్కలు వేసి కూర్చోబెట్టినప్పుడు, ఈ మసక ఎప్పుడు పోతుందా అని విసుక్కుంటాం. ఆ చుక్కల్లో చాలావాటి వెనక వున్నది ఈ కథే. కొందరు దగ్గుమనుషులు పీల్చే ఇప్రాట్రోపియం కూడా ఈ అట్రోపిన్ కూతురే, మద్రాసు ఉమ్మెత్త పొగకి వారసురాలు.

అర్ధరాత్రి ఆస్పత్రి వార్డులో డ్యూటీ డాక్టరు పురుగుమందు కేసు దగ్గర వంగి గుండె వింటుంది, ఊపిరితిత్తులు వింటుంది, రెప్ప ఎత్తి టార్చి వేస్తుంది. సూదిమొనంత వున్న కనుపాప మెల్లగా విచ్చుకుంటూ వుంటుంది. మంచం పక్కన కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డ తల్లికి ప్రపంచంలో అంతకంటే అందమైన కళ్ళు వుంటాయా?